బెంగళూరులో కొత్త కాపురం, ఇంటి కంప్యూటర్‌కు ఏ ఉచిత యాంటీవైరస్?

అనంతపురం నుంచో వరంగల్ నుంచో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో అద్దె ఇల్లు చూసుకొని కుదురుకుంటున్న మనవాళ్లు తరచుగా అడిగే సందేహం ఇది: "అన్నా, ఇంట్లో కంప్యూటర్‌కి ఫ్రీగా వచ్చే యాంటీవైరస్‌లలో ఏది మంచిది?" ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి ఆఫీసువాళ్లే చూసుకుంటారు, దానిలో సొంతంగా ఏదీ ఎక్కించకూడదు. కనుక నేను చెప్పబోయేదంతా పిల్లల చదువుకు, బ్యాంకు పనులకు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో మాట్లాడటానికి వాడుకునే సొంత కంప్యూటర్ గురించి మాత్రమే.

ఆ కంప్యూటర్‌లో అసలైన విండోస్ 10 గాని 11 గాని ఉండి, అప్‌డేట్లు సక్రమంగా వస్తూ ఉంటే, మీరు వెతుకుతున్న ఉచిత యాంటీవైరస్ ఇప్పటికే అందులో ఉంది. మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అనే పేరుతో విడిగా ఇచ్చినదాన్నే 2012లో విండోస్ 8తో పాటు డిఫెండర్ పేరుతో లోపలే అమర్చి పంపడం మొదలుపెట్టింది. తొలినాళ్లలో దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదన్నది నిజమే గాని, ఆ పాత అభిప్రాయాన్నే ఇప్పటికీ పట్టుకొని మాట్లాడేవాళ్ల మాట వినవలసిన పని లేదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లను వరుసగా పరీక్షించి ఫలితాలను ఎవరైనా చూసుకునేలా ప్రకటిస్తాయి. డబ్బు పెట్టి కొనేవాటితో పాటు డిఫెండర్ కూడా కొన్నేళ్లుగా అక్కడ మంచి మార్కులే తెచ్చుకుంటోంది. దాని బలహీనత ఇంకొకచోట ఉంది. కొత్త వైరస్‌ను గుర్తించడానికి అది ఇంటర్నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ సర్వర్లను సంప్రదిస్తుంది కనుక, నెట్ లేని సమయంలో దాని చూపు కొంత మందగిస్తుంది. నెట్ రోజంతా ఉండే బెంగళూరు ఇంట్లో ఇది పెద్ద లోపం కాదు గాని, ఊళ్లో నెలకొకసారి నెట్ తగిలించే కంప్యూటర్‌కు మాత్రం లోపమే.

అయితే డిఫెండర్ ఉండటం ఒకటి, అది పనిచేస్తూ ఉండటం మరొకటి. ఈ ఊళ్లో విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకోవాలంటే అందరూ ఎస్పీ రోడ్డుకే దారి చూపిస్తారు. ధరలు అక్కడ నిజంగానే తక్కువ, వస్తువులూ మంచివే దొరుకుతాయి. కాని ఎక్కడైనా సరే, "విండోస్ మేమే ఫ్రీగా వేసి ఇస్తాం సార్" అన్నారంటే అది చాలాసార్లు లైసెన్సు లేని కాపీయే. దాన్ని అసలైనదిగా నమ్మించే యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామును డిఫెండర్ పట్టుకుంటుంది కనుక, ముందు డిఫెండర్‌ను ఆపివేసి, ఆ ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్‌ను స్కాన్ నుంచి మినహాయించి, ఆ తర్వాతే విండోస్‌ను యాక్టివేట్ చేస్తారు. అటువంటి యాక్టివేటర్లలో పాస్‌వర్డులు దొంగిలించే వైరస్‌లు దాగి ఉండటం కొత్త సంగతేమీ కాదు. అటువంటి కంప్యూటర్ మీద ఎంత మంచి యాంటీవైరస్ వేసినా, దొంగను ఇంట్లో పెట్టుకొని బయట తాళం వేసినట్లే.

మీ కంప్యూటర్ సంగతి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. రియల్-టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి. అదే పేజీలో అడుగున ఎక్స్‌క్లూజన్స్, అంటే స్కాన్ చేయకుండా వదిలేసేవాటి జాబితా, ఉంటుంది. మీరు పెట్టకుండానే అక్కడ ఏదైనా ఫోల్డర్ పేరు, మరీ ముఖ్యంగా సీ డ్రైవ్ మొత్తం కనిపిస్తే, ఎవరో మీకంటే ముందే అక్కడ చెయ్యి పెట్టారన్నమాట. ఇంటి కంప్యూటర్‌లో ఈ సెట్టింగులను "యువర్ ఆర్గనైజేషన్" నిర్వహిస్తోందని రాసి ఉన్నా అంతే అనుమానించాలి, ఎందుకంటే మీ ఇంటికి ఏ ఆర్గనైజేషనూ లేదు. ఈ రెంటిలో ఏది కనిపించినా, అవసరమైన ఫైళ్లు కాపీ చేసుకొని, లైసెన్సు కొని, విండోస్‌ను మొదటి నుంచి వేయించుకోవడమే నా సలహా. ఆ పని అయ్యేవరకు ఆ కంప్యూటర్‌లో బ్యాంకు ఖాతా తెరవకండి.

ఇక డిఫెండర్ మీద మనసు కుదరక వేరేది వేసుకుంటామనేవాళ్లు, దాన్ని ఎవరు ఇస్తున్నారో, ఉచితంగా ఎందుకు ఇస్తున్నారో ఒకసారి చూడాలి. అవాస్ట్, ఏవీజీ, అవీరా అని మూడు పేర్లు విని మూడు వేర్వేరు కంపెనీలనుకుంటాము. చెక్ దేశానికి చెందిన అవాస్ట్ 2016లో ఏవీజీని కొనేసింది. అవీరాను నార్టన్‌వాళ్లు తీసుకున్నారు. 2022లో నార్టన్, అవాస్ట్ కూడా కలిసిపోయి జెన్ డిజిటల్ అయ్యాయి. ఇప్పుడు అన్నీ ఒకే ఇంటివి. ఈ అవాస్ట్ తన వాడుకదారులు ఏయే వెబ్‌సైట్లు చూశారనే సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న సంగతి 2020 జనవరిలో బయటపడటంతో ఆ అనుబంధ సంస్థను మూసివేసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో దీనిపై 1.65 కోట్ల డాలర్లు కట్టాలని, ప్రకటనల కోసం అటువంటి సమాచారాన్ని ఇకమీదట అమ్మకూడదని తేల్చింది. వైరస్‌ను పట్టడంలో అవాస్ట్ తక్కువదని నేను అనను, పరీక్షల్లో దానికి మంచి మార్కులే వస్తాయి. కాని మనం చూసే ప్రతి పేజీనీ చూడగల ప్రోగ్రామును ఇంట్లోకి రానిచ్చేటప్పుడు మార్కులొక్కటే చూస్తే చాలదు.

నన్ను తప్పనిసరిగా ఒక పేరు చెప్పమంటే రుమేనియావారి బిట్‌డిఫెండర్ ఉచిత వెర్షన్ చెబుతాను. అందులో హంగులు తక్కువ, పట్టుకునే శక్తి ఎక్కువ. కాస్పర్‌స్కీ పనితనానికి పేరున్నదే గాని, రష్యా కంపెనీ కావడంతో 2024లో అమెరికా తన దేశంలో దాని అమ్మకాలను నిషేధించింది. కొన్నాళ్లలో అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఆ ల్యాప్‌టాప్‌లో అది లేకుండా చూసుకోవడం మేలు. ఇంకొక విషయం ఎవరూ చదవరు: ఉచిత వెర్షన్లు సాధారణంగా సొంత వాడుకకే పరిమితం. ఇంటి నుంచే జీఎస్టీ లెక్కలు రాసి సంపాదించుకునేవాళ్లకు, ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్లకు ఆ అనుమతి వర్తించకపోవచ్చు.

మన దేశానివే కావాలనుకునేవారికి చెన్నై కంపెనీ కే7, పుణె కంపెనీ క్విక్ హీల్ ఉన్నాయి. ట్రయల్ గడువు తీరితే రెండూ డబ్బు పెట్టి కొనవలసినవే. కాని సైబర్ భద్రతను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో ఇటువంటి కంపెనీలు తయారుచేసిన వైరస్ తొలగింపు టూల్స్ ఉచితంగా దొరుకుతాయి. అవి కాపలా కాసేవి కావు, అనుమానం వచ్చినప్పుడు ఒకసారి నడిపి చూసుకునేవి.

ఏది ఎంచుకున్నా ఒక్కటే ఉంచండి. కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరాక కూడా కూర్చొని భయపెట్టే సందేశాలు చూపిస్తూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసివేసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే బాధ్యత తీసుకుంటుంది.

పెన్‌డ్రైవ్ గురించి మాత్రం కాస్త విడిగా చెప్పాలి. రెంటల్ అగ్రిమెంటుకో, పిల్లల బడి దరఖాస్తుకో జిరాక్స్ షాపుకు వెళ్లి, పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టిన కంప్యూటర్‌లో మనదీ పెట్టి తెస్తాము. ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటాయి. ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టి వాటి స్థానంలో తన షార్ట్‌కట్‌ను ఉంచింది. దాని మీద నొక్కితేనే అది మన కంప్యూటర్‌లోకి వస్తుంది కనుక నొక్కకుండా, డ్రైవ్ పేరు మీద కుడి క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించి, ఆ తర్వాత దాచిన ఫైళ్లను చూపించే సెట్టింగ్ పెట్టి మనవి మనం తీసుకోవచ్చు. ఫైల్ పేరు చివరి ఎక్స్‌టెన్షన్ కనిపించే సెట్టింగ్ కూడా అప్పుడే పెట్టుకుంటే, పీడీఎఫ్ లాగా వేషం వేసుకొని వచ్చిన ఈఎక్స్‌ఈ ఫైల్, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాము, దొరికిపోతుంది.

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ను ర్యాన్‌సమ్‌వేర్ అంటారు. విండోస్ సెక్యూరిటీలోనే ర్యాన్‌సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనేది మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే, పరిచయం లేని ప్రోగ్రాములు మీ డాక్యుమెంట్లను, ఫొటోలను మార్చకుండా అడ్డుకుంటుంది. పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాముల వంటి వాటిని కూడా అది ఆపవచ్చు, వాటికి మీరు విడిగా అనుమతి ఇచ్చుకోవాలి. పాత ఫొటోలకు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో కాపీ పెట్టి, పని కాగానే దాన్ని ఊడదీసి ఉంచండి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు కావాలంటే పొడిగింపు పథకంలో చేరాలి. డిఫెండర్ వాడే వైరస్‌ల జాబితా కొత్తదే అయినా దాని కింది విండోస్‌లో రంధ్రాలు పూడకపోతే రక్షణ సగమే. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనేవాళ్లు అది విండోస్ 11కు పనికివస్తుందో లేదో, ముఖ్యంగా దానిలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉందో లేదో, డబ్బు ఇవ్వకముందే అడగండి.

ఊళ్లో నాన్నగారి కంప్యూటర్‌ను మీరే ఇక్కడి నుంచి చూసుకుంటున్నట్లయితే, దానిలో డిఫెండర్ తప్ప వేరేది లేకుండా చేయండి. అప్పుడు "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర మీద ఏది వచ్చినా అది అబద్ధమేనని ఆయనకు ఒక్క మాటలో చెప్పవచ్చు. దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ వంటివి వేసుకోమని ఫోన్‌లో చెప్పేవారిని నమ్మవద్దని కూడా చెప్పండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఊళ్లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా ఆ నంబరు ఒక్కటే.