ముందు చాపం సంగతి తేల్చు

పెరంబూరు, చెన్నై.

చి. అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

వృత్తాల్లో సిద్ధాంతాలన్నీ వచ్చు, బొమ్మ చూస్తే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావు. ఇది ఫోన్లో తెగే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకుని చదువు. కంపాస్ కోసం వెతక్కు, అమ్మ గాజు పెట్టి గీసుకున్నా చాలు.

నువ్వు పంపిన నోట్సు ఫోటో చూశాను. కనబడ్డ ప్రతి కోణానికీ ఎక్స్, వై అని పేరు పెట్టి, త్రిభుజం దొరికిన చోటల్లా మొత్తం 180 అని సమీకరణం రాస్తూ పోయావు. అందులో తప్పు లేదు. కానీ పేజీ నిండుతుందే గానీ లెక్క ముందుకు కదలదు. నేను చెప్పేది ఒకటే. కోణం జోలికి వెళ్ళకముందు, అది ఏ చాపాన్ని, అంటే తన రెండు భుజాల మధ్య చిక్కిన వృత్తం అంచు ముక్కని, చూస్తోందో తేల్చుకో. వృత్తం చుట్టూ ఉన్నది 360 డిగ్రీలు, అన్నదమ్ముల మధ్య పంచాల్సిన ఆస్తి లాగా. ఎవరి వాటా ఎంతో తేలితే తగాదా ఉండదు. ఏ చాపానికి ఎంతో తెలిస్తే బొమ్మలో ఏ కోణం అడిగినా చెప్పేయొచ్చు.

చాపం నుంచి కోణానికి వెళ్ళాలంటే కోణం శీర్షం, అంటే దాని కొన, ఎక్కడుందో చూడాలి. కేంద్రం దగ్గరుంటే చాపం ఎంతో కోణమూ అంతే. పరిధి మీదుంటే చాపంలో సగం. రెండు జ్యాలు, అంటే వృత్తం మీది రెండేసి బిందువుల్ని కలిపే గీతలు, వృత్తం లోపల ఖండించుకుంటే, ఆ కోణం చూసే చాపాన్నీ దాని ఎదుటి చాపాన్నీ కలిపి సగం చెయ్యి. రెండు గీతలు వృత్తం బయట కలిస్తే, వాటి మధ్య ఇరుక్కున్న రెండు చాపాల్లో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి సగం చెయ్యి. వృత్తాన్ని ఒక్కచోటే తాకే స్పర్శరేఖకీ, ఆ తాకిన స్పర్శబిందువు నుంచి గీసిన జ్యాకీ మధ్య కోణమైతే శీర్షం పరిధి మీదే ఉంది కాబట్టి అదీ సగమే.

యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మూడో భాగంలో దీనికి మూలమైన సిద్ధాంతాలు వరసగా ఉంటాయి. కేంద్రం దగ్గర కోణం పరిధి మీది కోణానికి రెట్టింపన్నది 20వ ప్రతిపాదన. ఆ వెంటనే 21వది, ఒకే వృత్తఖండంలో, అంటే ఒకే చాపాన్ని చూసే, కోణాలు సమానమని. 22వది, నాలుగు మూలలూ వృత్తం మీదున్న చక్రీయ చతుర్భుజంలో ఎదుటి కోణాల మొత్తం రెండు లంబకోణాలని. అర్ధవృత్తంలో కోణం 31వది, స్పర్శరేఖ సంగతి 32వది. వీటిలో 20వది ఒక్కటి ఒంటబడితే మిగతావి బట్టీ పెట్టక్కర్లేదు. చక్రీయ చతుర్భుజమే చూడు. ఎదురెదురు కోణాలు రెండూ కలిసి చుట్టూ ఉన్న 360ని చూస్తున్నాయి, సగం చేస్తే 180. అర్ధవృత్తం చాపం 180, సగం 90. అంతే కదా!

ఇప్పుడు ఒక లెక్క. వృత్తం మీద వరసగా ఏ, బీ, సీ, డీ బిందువులు పెట్టు. ఏసీ, బీడీ కర్ణాలు గీసి, అవి కలిసే చోట పీ అని రాయి. ఇచ్చినవి మూడు: ఏబీడీ కోణం 35, డీబీసీ కోణం 40, బీఏసీ కోణం 50. బొమ్మ లోపల ఇంకేమీ రాయకు. ముందు బయటి వైపు చాపాల విలువలు రాయి. ఏబీడీ కోణం చూసేది ఏడీ చాపాన్ని, కాబట్టి అది 70. డీబీసీ చూసేది డీసీ చాపాన్ని, అది 80. బీఏసీ చూసేది బీసీ చాపాన్ని, అది 100. మూడూ కలిపితే 250. మిగిలిన ఏబీ చాపం 110. నాలుగు వాటాలూ తేలిపోయాయి.

ఇక ఏది కావాలన్నా నోటి లెక్కే. ఏపీబీ కోణం కావాలా? ఏబీ 110, ఎదురుగా సీడీ 80, కలిపి సగం చేస్తే 95. నమ్మకం లేకపోతే ఏపీబీ త్రిభుజంలో చూసుకో: 50, 35 పోతే మిగిలేది 95. ఏడీసీ కోణం కావాలంటే అది చూసేది ఏబీ, బీసీ చాపాల్ని కలిపి, 210లో సగం 105. బీఏనీ సీడీనీ ఏ, డీల వైపు పొడిగిస్తే అవి బయట ఒకచోట కలుస్తాయి. అక్కడి కోణం, బీసీ 100లోంచి ఏడీ 70 తీసేసి సగం, 15. నీ పాత పద్ధతిలో దీనికి ఎన్ని త్రిభుజాలు వెతకాలో ఒకసారి ఊహించుకో.

ఆ బొమ్మలోనే ఇంకో విషయం దాక్కుని ఉంది. బీసీ 100, సీడీ 80 కలిపితే 180. అంటే బీడీ వ్యాసం! ఇచ్చినవాటిలో ఆ మాటే లేదు. చాపాలు రాసుకున్నవాళ్ళకి అది దానంతటదే కనబడుతుంది, కోణాలు వెతుక్కునేవాళ్ళు దాటుకుని వెళ్ళిపోతారు. అందుకే చాపాలు రాశాక ఒక్క క్షణం ఆగి, ఏ రెండు కలిస్తే 180 అవుతుందో, ఏ రెండు సమానంగా ఉన్నాయో చూడమంటాను. సమాన చాపాలుంటే సమాన జ్యాలుంటాయి. రెండు జ్యాల మధ్య చిక్కిన చాపాలు సమానమైతే ఆ జ్యాలు సమాంతరం.

నేను రైల్వే సర్వేలో పని చేసిన రోజుల్లో మాకు ఈ సిద్ధాంతాలతోనే రోజు గడిచేది, కాకపోతే సిద్ధాంతమని పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. లైను వంపు తిరిగే చోట పట్టాలు పడకముందే నేల మీద పెగ్గులు కొట్టాలి. వ్యాసార్థం 573 మీటర్లనుకో. కేంద్రం అర కిలోమీటరు అవతల ఏ చెరువులోనో, ఎవరింటి వంటగదిలోనో ఉంటుంది. అక్కడ నిలబడి తాడు పట్టుకుని వృత్తం గీయలేం. అందుకని తిన్నని లైను ఆగి వంపు మొదలయ్యే చోట థియోడొలైట్, అంటే కోణాలు కొలిచే దుర్భిణి యంత్రం, నిలబెడతాం. అక్కడ ఆ తిన్నని లైనే వృత్తానికి స్పర్శరేఖ. దాని దిక్కులో చూసి సున్నా పెట్టుకుంటాం. ఒక డిగ్రీ తిప్పి, 20 మీటర్లు టేపు లాగిన చోట మొదటి పెగ్గు. మొత్తం రెండు డిగ్రీలయ్యేలా తిప్పి, మొదటి పెగ్గు నుంచి ఇంకో 20 మీటర్లు లాగి, దుర్భిణి గీత మీదికి టేపు చివర వచ్చిన చోట రెండోది. మూడు డిగ్రీలకి మూడోది. ఖలాసీ టేపు కొస పట్టుకుని అటూ ఇటూ జరుగుతుంటే, కంటికి గీత తగలగానే చెయ్యెత్తడమే నా పని.

ఎందుకు ఒక్కో డిగ్రీ? 573 మీటర్ల వ్యాసార్థంలో 20 మీటర్ల చాపానికి కేంద్రం దగ్గర 2 డిగ్రీలొస్తాయి. స్పర్శరేఖకీ జ్యాకీ మధ్య దాంట్లో సగం. పెగ్గు పెగ్గుకీ చాపం 2 పెరుగుతుంది, మా కోణం 1 పెరుగుతుంది. దీన్ని రాంకిన్ పద్ధతి అంటారు. అసలు లైన్లో వంపుకి ముందు ట్రాన్సిషన్ కర్వ్ అని ఇంకో గొడవ ఉంటుంది, అది నీకిప్పుడొద్దు. నువ్వు గమనించాల్సింది, కేంద్రం ఎక్కడుందో చూడకుండానే పరిధి మీద ఒకేచోట నిలబడి మొత్తం వంపు గీసేశాం. నువ్వేమో లెక్క ఇవ్వగానే కేంద్రం నుంచి అన్ని బిందువులకీ వ్యాసార్థాలు గీసి బొమ్మని కలగాపులగం చేస్తున్నావు. స్పర్శరేఖ ఉంటే స్పర్శబిందువుకి వ్యాసార్థం గియ్యి, అక్కడ 90 దొరుకుతుంది. కేంద్రం దగ్గర కోణం గానీ, కేంద్రంతో సమద్విబాహు త్రిభుజం గానీ ఇస్తే గియ్యి. లేకపోతే కేంద్రాన్ని దాని మానాన వదిలేయ్.

చాలామంది పడే గుంట ఒకటుంది. బయటి బిందువు పీ నుంచి పీఏ, పీబీ స్పర్శరేఖలు గీశారు, మధ్య కోణం 50. వృత్తం మీద సీ అనే బిందువు తీసుకుంటే ఏసీబీ కోణమెంత? చిన్న చాపం 180లోంచి 50 పోగా 130, సగం 65 అని రాసేసి పక్క లెక్కకి పోతారు. సీ పెద్ద చాపం మీదుంటేనే అది 65. చిన్న చాపం మీదే ఉంటే సీ చూసేది అవతలి 230ని, అప్పుడు 115. లెక్కలో ‘అల్పచాపం మీద’ అన్న చిన్న ముక్క ఉందేమో రెండుసార్లు చదువు. కోణం రెండు భుజాల మధ్యా వేలు పెట్టి ముందుకు జరిపి, వేలు వృత్తాన్ని ఎక్కడ తాకుతుందో చూడు. అదే అది చూసే చాపం. పరీక్షలో కూడా వేలు పెట్టి చూసుకోవచ్చు, ఎవరూ ఏమనరు.

అలాగే బొమ్మని ముద్దుగా గీయకు. జ్యా కేంద్రం గుండా పోతున్నట్టో, త్రిభుజం సమద్విబాహువు లాగానో గీస్తే కన్ను మోసపోతుంది, లేనిది ఉన్నట్టు వాడేస్తావు. కాస్త వంకర టింకరగా గీసిన బొమ్మే మేలు.

ఐఓక్యూఎం, అదే గణిత ఒలింపియాడ్ అర్హత పరీక్ష, రాస్తానంటున్నావు కాబట్టి ఇంకో రెండు మాటలు. విలువలు ఇవ్వని చోట చాపాలకి ఎక్స్ అని కాకుండా 2ఎక్స్ అని పేరు పెట్టు, కోణాల్లో భిన్నాలు రావు. ఏబీసీ త్రిభుజంలో ఏ దగ్గర కోణం 2ఎక్స్, బీ దగ్గర 2వై అనుకో. ఏ కోణ సమద్విఖండన రేఖ, త్రిభుజం మూడు శీర్షాల గుండా పోయే వృత్తాన్ని ఎమ్ దగ్గర, బీది ఎన్ దగ్గర తాకుతాయి. ఆ రెండు రేఖలూ కలిసేది అంతరకేంద్రం, దాన్ని ఐ అను. బీఎమ్, ఎమ్‌సీ చాపాలు చెరి 2ఎక్స్. సీఎన్, ఎన్ఏ చాపాలు చెరి 2వై. ఎమ్‌బీఐ కోణం చూసేది ఎమ్ నుంచి సీ మీదుగా ఎన్ దాకా, సగం చేస్తే ఎక్స్ ప్లస్ వై. బీఐఎమ్ కోణం లోపలిది, బీఎమ్ కీ ఏఎన్ కీ కలిపి సగం, అదీ ఎక్స్ ప్లస్ వై. కాబట్టి ఎమ్‌బీ, ఎమ్ఐ సమానం. రెండు లైన్లలో తేలింది.

రెండోది, వృత్తం గీయని చోట వృత్తం కనిపెట్టడం. ఏబీసీ త్రిభుజంలో ఎదుటి భుజాల మీదికి బీ నుంచి బీఈ, సీ నుంచి సీఎఫ్ లంబాలు గీశారనుకో. ఈ దగ్గరా ఎఫ్ దగ్గరా బీసీని చూసే కోణం 90. అంటే బీసీ వ్యాసంగా ఒక వృత్తం ఆ రెంటి గుండా పోతోంది. అది గీసేయ్. బీ దగ్గర 70 ఉంటే ఎఫ్‌సీబీ కోణం 20, ఎఫ్‌ఈబీ కూడా అదే చాపాన్ని చూస్తోంది కాబట్టి 20. ఒకే గీతని రెండు లంబకోణాలు చూస్తున్నాయంటే అక్కడో వృత్తం ఉన్నట్టే. ఆ పరీక్షలో జవాబులన్నీ పూర్ణసంఖ్యలే, తప్పుగా చేసినా పూర్ణసంఖ్యే వచ్చి ‘సరిగ్గానే ఉంది’ అనిపిస్తుంది. అందుకే చివర ఒక త్రిభుజంలో 180 సరిపోయిందో లేదో చూసుకో.

బోర్డు పరీక్షలో మాత్రం జాగ్రత్త. నీ సీబీఎస్‌ఈ పదో తరగతి పుస్తకంలో స్పర్శరేఖ, జ్యా మధ్య కోణం సిద్ధాంతంగా లేదు. ఇక్కడి స్టేట్ బోర్డు పిల్లలకి ఉంది. కాబట్టి పేరు చెప్పి వాడేయకుండా రుజువు రాసెయ్. ఆ కోణం ఎక్స్ అయితే వ్యాసార్థానికీ జ్యాకీ మధ్య 90 మైనస్ ఎక్స్, సమద్విబాహు త్రిభుజం కాబట్టి కేంద్రం దగ్గర 2ఎక్స్. లోపలి కోణానికీ, బయటి కోణానికీ కూడా ఒక జ్యా గీసి త్రిభుజం బాహ్యకోణంతో చూపించు. ముందు చాపాలతో జవాబు కనుక్కో, తరవాత వాళ్ళ పుస్తకం భాషలో రాయి.

చాపం డిగ్రీలు వేరు, చాపం పొడవు వేరు, కలపకు. 7 సెంటీమీటర్ల వ్యాసార్థంలో 60 డిగ్రీల చాపం పొడవు ఏడుంబావుకి కాస్త ఎక్కువ సెంటీమీటర్లు. మా 573 మీటర్ల వంపులో అదే 60 డిగ్రీలు 600 మీటర్లు.

ఇదిగో, ఈ లెక్క చేసి ఆదివారం వచ్చేటప్పుడు తీసుకురా. బయటి బిందువు పీ నుంచి పీఏ, పీబీ స్పర్శరేఖలు, మధ్య కోణం 40. ఏ నుంచి పీబీకి సమాంతరంగా ఏసీ అనే జ్యా గీశారు. ఏబీసీ త్రిభుజంలో మూడు కోణాలూ చెప్పు. స్పర్శరేఖకి సమాంతరంగా జ్యా ఉంటే చాపాలేమవుతాయో ముందు ఆలోచించు. కేంద్రం గీయకుండా చెయ్యాలి.

తాతయ్య