బొచ్చెను వదిలి కొర్రమీనుతో మొదలుపెట్టండి

సుంకేసుల ఆనకట్ట దగ్గర పట్టిన బొచ్చెను ఫిల్లెట్ (నడిముల్లు నుంచి విడదీసిన కండపలక) తీస్తే కండ చీలిపోతోంది, ముళ్లు మాత్రం పోవడం లేదని అడిగారు. ముళ్లు మిగలడం మీ చేతి తప్పు కాదు. బొచ్చె, శీలావతి, మోసు, ఈ మూడింటికీ కండ లోపలే పంగలకర్రలా చీలిన సన్నముళ్లు విడిగా ఉంటాయి. కత్తి ఎంత బాగా నడిపినా కండతోపాటే వచ్చేస్తాయి. వాటిని అడ్డంగా ముక్కలు కొట్టి పులుసు పెట్టడమే మేలు. వేపుడే కావాలంటే తోలు తెగకుండా కండకు 3 మిల్లీమీటర్ల ఎడంతో అడ్డగాట్లు పెట్టండి, సన్నముళ్లు తునకలై నూనెలో కరకరలాడిపోతాయి.

కండ చీలడానికి కారణం వేరు. చచ్చిన కొన్ని గంటలకు చేప బిగుసుకుంటుంది. అప్పుడు వంచి కోస్తే పొరలు విడిపోతాయి. పట్టిన వెంటనే మొప్పల దగ్గర కోసి, 10 నిమిషాలు చల్లటి నీళ్లలో రక్తం పోనివ్వండి. తర్వాత కిలో చేపకు కిలో ఐసు. కర్నూలు ఎండలకు అంతకు తగ్గకూడదు. బిగుసు వదిలాకే కోయాలి.

చేయి తిరగాలంటే కండలో ఆ సన్నముళ్లు లేని కొర్రమీను, లేదా జిలేబి చేప (తిలాపియా). కొర్రమీనును గల్లుప్పు, బూడిద వేసి గరుకు రాతి మీద రుద్దండి. జిగురు మిగిలితే కత్తి జారి వేలు తెగుతుంది. పొట్ట చీల్చేటప్పుడు మొన లోతుకు పోనివ్వకండి, కాలేయం పక్కనున్న పచ్చటి చేదుతిత్తి పగులుతుంది. పగిలితే ఆ చోటు కోసి పారేయాలి, కడిగితే చేదు పోదు. (బొచ్చె, శీలావతి, గడ్డిచేప చేదుతిత్తిని మందని మింగేవాళ్లున్నారు. కిడ్నీలు దెబ్బతింటాయి, దయచేసి వద్దు.)

మొప్ప వెనక ఏటవాలుగా నడిముల్లు తగిలేదాకా కత్తి దించి, తోకవైపు తిప్పి, ముల్లును గీరే చప్పుడు వినబడేలా నడపండి. చప్పుడు ఆగిందంటే ముల్లు మీద కండ వదిలేస్తున్నట్టే. పక్కముళ్లు తర్వాత పలచగా చెక్కేయండి. తోలు తీయాలంటే తోక కొసన అంగుళం విడదీసి, ఉప్పద్దిన వేళ్లతో తోలు పట్టుకోండి. కత్తిని కదలనీయక తోలునే అటూ ఇటూ లాగాలి.

కడగడమంతా ఫిల్లెట్ తీయకముందే. తీశాక నీళ్లలో వేస్తే కండ మెత్తబడి పెనం మీద విరిగిపోతుంది, పొడిగుడ్డతో అద్దితే చాలు. చెరువు చేపకు మట్టివాసన ఉంటే పక్కగీత (ఒంటి పక్కన తల నుంచి తోకదాకా సాగే గీత) వెంట ఉండే ఎర్రకండ తీసేసి, పుల్లమజ్జిగలో 20 నిమిషాలు ఉంచండి. కిలో జిలేబికి 300 నుంచి 350 గ్రాముల ఫిల్లెట్టే వస్తుంది. తల, నడిముల్లు పారేయకండి, చింతపండు పులుసులో వేసుకుంటే రాగిసంగటిలోకి అంతకన్నా ఏం కావాలి!