తిరుపతి ఎండకు కారు అద్దాలకు ఫిల్మ్ ఇంట్లోనే వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఉంటున్నారు, సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నారు, మధ్యాహ్నం స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నారు. అద్దాలకు ఫిల్మ్ సొంతంగా వేసుకోవచ్చా, ఎంత నలుపు వెయ్యాలి, పనిలో పనిగా కారును కూడా ఇంట్లోనే మెరిపించుకోవచ్చా అని.

నాలుగు డోర్ గ్లాసులకూ నిక్షేపంగా వేసుకోవచ్చు. వెనక పెద్ద అద్దం షాపువాళ్లకు వదిలెయ్యండి. ముందు అద్దానికి అసలు వద్దు. ఎందుకో కింద చెప్తాను.

ఫిల్మ్ కొనే ముందు నీళ్ల సంగతి చూడండి. మన పక్క కార్ల రంగును ఎండ కంటే బోరు నీళ్లే ఎక్కువ పాడు చేస్తున్నాయన్నది నా గట్టి నమ్మకం. గీజరు రాడ్డు మీద, కుళాయి మూతి చుట్టూ తెల్లగా పొక్కు కడుతుంది చూశారా, అది కాల్షియం, మెగ్నీషియం. కారు కడిగి ఎండలో వదిలేస్తే నీటి బొట్టు ఆరిపోయి అదే పొక్కు బొట్టంత గుండ్రంగా రంగు మీద మిగులుతుంది. మొదటి రోజు తడిగుడ్డకు పోతుంది. నాలుగు ఎండలు తగిలాక పోదు, రంగు పైనుండే పారదర్శక పూతను, అంటే క్లియర్ కోటును, తినేసి గుంట చేస్తుంది. తాగే నీటికి ఈ కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా పర్వాలేదని మన ప్రమాణాలు చెప్తాయి. తాగడానికి సరే అన్న ఆ నీళ్లే కారు మీద మచ్చ పెట్టడానికి బ్రహ్మాండంగా సరిపోతాయి.

కాబట్టి షాంపూతో రుద్దడానికి బోరు నీళ్లే వాడుకోండి, ఆఖరి తడుపు మాత్రం ఆర్వో నీళ్లతో. ఇరవై లీటర్ల క్యాన్‌లో సగం చాలు, స్ప్రే పంపుతో పైనుంచి కిందికి జారేలా కొడితే హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి వస్తుంది. ఇంట్లో ఏసీ ఉంటే దాని పైపు నుంచి కారే నీళ్లు పట్టి పెట్టుకోండి. గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లు కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, పలచటి గుడ్డలో వడకట్టుకుంటే సరి. ఆర్వో మెషీన్ నుంచి బయటికి పోయే వేస్టు నీళ్లు మాత్రం కారుకు పనికిరావు. ఉప్పంతా వాటిలోనే చేరి ఉంటుంది. పొదుపు పేరుతో వాటితోనే కార్లు కడిగేవాళ్లున్నారు, చూస్తే బాధేస్తుంది.

ఇప్పటికే మచ్చలు పడి ఉంటే తెల్ల వెనిగర్, ఆర్వో నీళ్లు సమానంగా కలిపి, నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఒక నిమిషం ఉంచి కడిగెయ్యండి. పొక్కు పోయి దాని కింద గుంట కనిపిస్తే అది వెనిగర్‌తో పోయేది కాదు, పాలిష్ పట్టాల్సిందే.

ఇక ఫిల్మ్. నలుపు ఎక్కువైతే చల్లదనం ఎక్కువనుకోవడం తప్పు. ఎండ వేడిలో కంటికి కనిపించే వెలుతురు వాటా సగానికి కొంచెం తక్కువ, మిగతాదాంట్లో చాలావరకు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. చవక డైడ్ ఫిల్మ్, అంటే ఉత్త రంగు అద్దినది, వెలుతురును ఆపుతుంది కానీ ఇన్‌ఫ్రారెడ్‌ను లోపలికి వదిలేస్తుంది. లేతగా కనిపించే సిరామిక్ ఫిల్మ్ ఆ ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది. డబ్బా మీద 99 శాతం హీట్ రిజెక్షన్ అని రాసుంటే మోసపోకండి, అది చాలాసార్లు ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చిన్న ముక్క దగ్గర కొలిచిన లెక్క. 'టీఎస్ఈఆర్ ఎంతన్నా?' అని అడగండి, అంటే టోటల్ సోలార్ ఎనర్జీ రిజెక్టెడ్. మొత్తం ఎండలో ఎంత ఆపుతుందో చెప్పేది అదొక్కటే. సమాధానం చెప్పలేని షాపులో కొనొద్దు. మెటల్ పూత ఉన్న ఫిల్మ్ జీపీఎస్, ఫాస్టాగ్ సిగ్నళ్లకు అడ్డం పడుతుంది, అదీ వద్దు.

చట్టం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 100వ రూలు ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు పోవాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏ శాతమైనా సరే, అసలు ఫిల్మే అతికించొద్దంది. తర్వాత రూలు మారింది. వాహనాల భద్రతా అద్దాలకు పెట్టిన ఐఎస్ 2553 ప్రమాణానికి సరిపోయే, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్‌కు 2021 ఏప్రిల్ 1 నుంచి చోటిచ్చారు. ఈ మార్పును ఆధారం చేసుకునే 2024లో కేరళ హైకోర్టు, ఆ శాతాలకు లోబడి ఉన్న ఫిల్మ్‌కు జరిమానా వెయ్యడం కుదరదంది. అయితే అది కేరళ కోర్టు తీర్పు. మన రోడ్డు మీద పోలీసాయన 2012 మాటే పట్టుకుంటే వాదించుకోవాల్సింది మీరే. బిల్లు, ఫిల్మ్ సర్టిఫికెట్ కారులోనే పెట్టుకోండి. వెలుతురు శాతం తగ్గిందంటే మాత్రం ఏ కాగితమూ కాపాడదు.

ఆ శాతం దగ్గరే అందరూ దెబ్బతింటారు. పక్క అద్దాలకు 50 ఉండాలి కదా అని 50 ఫిల్మ్, అంటే 50 శాతం వెలుతురు వదిలేది, కొంటారు. కానీ కంపెనీ నుంచి వచ్చిన అద్దమే నూటికి నూరు వెలుతురు వదలదు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న డోర్ గ్లాసు 75 వదులుతుందనుకోండి, దాని మీద 50 ఫిల్మ్ వేస్తే 75లో సగం, అంటే 37.5కి పడిపోతుంది. 70 ఫిల్మ్ వేస్తే 52.5, గట్టెక్కుతారు. అదే 75 అద్దం ముందుంటే, 90 ఫిల్మ్ వేసినా 67.5, రూలు తప్పినట్టే. ముందు అద్దానికి వద్దన్నది ఇందుకే. పైగా అక్కడున్న ఫాస్టాగ్‌ను పీకితే అది మళ్లీ పనిచెయ్యదు.

సామాన్లు: ఒక లీటరు ఆర్వో నీళ్లలో నాలుగైదు చుక్కల బేబీ షాంపూ కలిపిన స్ప్రే సీసా, గట్టి ప్లాస్టిక్ స్క్వీజీ (నీళ్లు తోసే పట్టీ) ఒకటి, రబ్బరు స్క్వీజీ ఒకటి, కొత్త బ్లేడ్లు, పీచు రాలని గుడ్డలు. షాంపూ ఎక్కువైతే గమ్ము పట్టదు. తక్కువైతే ఫిల్మ్ తగిలిన చోటల్లా అతుక్కుపోయి సర్దుకోవడానికి వీలుండదు. ఈ సీసాలో బోరు నీళ్లు పోశారంటే అద్దానికీ ఫిల్మ్‌కీ మధ్య తెల్ల చుక్కలు మిగిలిపోతాయి, వాటిని తియ్యాలంటే ఫిల్మే తియ్యాలి.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి. ఎండెక్కితే స్క్వీజీ లాగేలోపే నీళ్లు ఆరిపోతాయి. పోర్టికో నేల మీద ముందే నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. ఫ్యాను ఆపెయ్యండి. డోర్ ప్యాడ్ మీద, ముఖ్యంగా పవర్ విండో స్విచ్చుల మీద, ప్లాస్టిక్ కవరు వేసి దాని పైన తువ్వాలు పరవండి. ఈ పనిలో జరిగే ఖరీదైన నష్టం ఫిల్మ్ చెడడం కాదు, స్విచ్చుల్లోకి నీళ్లు దిగడం.

కొలత అద్దం బయటివైపు తీసుకోవాలి. బయట తడిపి, ఫిల్మ్‌ను గమ్మును కప్పి ఉండే కవరు పొర మీవైపు ఉండేలా పరిచి, కింద ఒక అంగుళం, పక్కలకు అర సెంటీమీటరు ఎక్కువ వదిలి కొయ్యండి. పై అంచు కోసం అద్దాన్ని రెండంగుళాలు దించి, ఫిల్మ్‌ను సర్ది, అద్దం ఒంపు వెంబడే బ్లేడు నడపండి. బ్లేడు కొస రెండు అద్దాలకొకసారి విరిచి కొత్తది తీసుకోండి. మొద్దు బ్లేడు కొయ్యదు, చింపుతుంది.

ఇప్పుడు లోపలివైపు. అద్దాన్ని బాగా తడిపి బ్లేడును పడుకోబెట్టి ఒకే దిశలో గీకండి. పొడి అద్దం మీద బ్లేడు ఆడించారంటే గీత ఖాయం. పైనుంచి కిందికి స్క్వీజీ లాగి, కింద రబ్బరు బీడింగులో చేరిన మురికిని గుడ్డతో తుడిచి, మళ్లీ తడిపి, మళ్లీ లాగాలి. బీడింగులో ఇసుక రేణువు ఒక్కటున్నా ఆఖర్లో ఫిల్మ్ కిందికి అదే వచ్చి చేరుతుంది. కవరు పొరను పైనుంచి మూడింట రెండు వంతులు ఒలవండి, ఒలుస్తూనే గమ్ము వైపు స్ప్రే కొడుతుండాలి. ఒలిచేటప్పుడు పుట్టే స్టాటిక్ చుట్టుపక్కల దుమ్మంతా లాగేస్తుంది, తడి ఒక్కటే దానికి మందు. రెండంగుళాలు దించి ఉంచిన అద్దం మీద, పై అంచుకు రెండు మిల్లీమీటర్లు కింద ఫిల్మ్ ఆనేలా పెట్టండి. అంచుకు సమానంగా పెడితే అద్దం ఎత్తి దించినప్పుడల్లా రబ్బరుకు రాసుకుని లేచిపోతుంది. పై సగం మధ్యనుంచి పక్కలకు లాగాక అద్దం పూర్తిగా ఎత్తి, మిగతా పొర ఒలిచి, బీడింగును కార్డుతో లోపలికి నొక్కి పట్టి ఫిల్మ్ కింది అంచును అందులోకి దోపండి. తర్వాత ప్రతి గీత ముందు గీత మీద సగం ఎక్కేలా గట్టి స్క్వీజీతో నీళ్లన్నీ బయటికి తోలాలి. చివరికి గట్టి స్క్వీజీ మొనకు టిష్యూ చుట్టి అంచులన్నీ ఒత్తండి. అంచున తడి మిగిలితే అక్కడే ఫిల్మ్ లేస్తుంది.

అయిదు రోజులు అద్దం దించకూడదు. స్విచ్చుకు టేపు వేసెయ్యండి, పిల్లలు ఊరుకోరు. ఆ అయిదు రోజుల్లో కొండకు పోయే పని పెట్టుకోవద్దు, అలిపిరి తనిఖీ దగ్గర అద్దాలు దించక తప్పదు. మబ్బుగా, చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తే కంగారు పడకండి, రెండు వారాల్లో ఆరిపోతాయి. గట్టిగా మొటిమలా తగిలేది మాత్రం దుమ్ము, అది పోదు. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు ఆ అద్దాలకు ఇక ఎప్పుడూ వాడొద్దు.

మీది పాత కారు కాబట్టి వెనక అద్దానికి వంకాయ రంగుకు తిరిగిన ఫిల్మ్‌గానీ, దానిపైన తిరునామం స్టిక్కర్‌గానీ ఉండే ఉంటుంది. షాపుకు ఇచ్చే ముందు ఆ పాతది మీరే తీసెయ్యొచ్చు. కానీ బ్లేడుతో గీకితే డీఫాగర్ గీతలు, అంటే అద్దం మీది మంచును వేడితో పోగొట్టే సన్న తీగలు, తెగుతాయి, ఒక్క గీత తెగినా వానాకాలం ఆ వరుసంతా మంచు పట్టే ఉంటుంది. లోపల సబ్బునీళ్లు కొట్టి, దాని మీద నల్ల పాలిథీన్ షీటు అంటించి, కారు వీపు ఎండకు తిప్పి గంటసేపు వదిలితే గమ్ము మెత్తబడుతుంది. అప్పుడు గీతల దిశలోనే, అంటే అడ్డంగా, మెల్లగా లాగాలి. మిగిలిన జిగురు నీలగిరి తైలంతో పోతుంది. స్టిక్కర్ బయటివైపు ఉంటే హెయిర్ డ్రయర్ చాలు.

కారు మెరుపు సంగతి పొట్టిగా చెప్తాను. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకు, ఒకటి కారు రుద్దే గ్లవ్ జాడించడానికి. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పొడి వద్దు. రంగు మీద పాలిథీన్ కవరు తొడిగిన చెయ్యి పెట్టి చూడండి, గరగరమంటే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద) పట్టాలి. అది కింద పడితే పారెయ్యడమే. తర్వాత పాలిష్, ఆపైన వ్యాక్స్ బదులు సింథటిక్ సీలెంట్, మన ఎండకు కార్నౌబా వ్యాక్స్ తొందరగా దిగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగి వచ్చిన వెంటనే చక్రాల మీద నీళ్లు కొట్టకండి, కాలి ఉన్న బ్రేకు డిస్కులు వంకర పోయే ప్రమాదముంది. గంట ఆగండి. సర్వీసు సెంటర్లలో కారు అడుగున డీజిల్ కొడతామంటారు, ఒప్పుకోవద్దు, రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి.

మీరు అడగకపోయినా వాహన పూజ గురించి చెప్పాలి. కాణిపాకంలో పూజ చేయించి, పసుపు, విభూతి అలాగే పెట్టుకుని వారం తిరిగి, తర్వాత పొడిగుడ్డతో దులిపేవాళ్లు చాలామంది. విభూతి బూడిద, పొడిగా రుద్దితే సన్న గీతలు పడతాయి. పసుపు మీద బట్టల సబ్బు పెడితే క్షారానికి ఎర్రబడి ఇంకా అసహ్యంగా తయారవుతుంది. పూజ అయిన సాయంత్రమే ముందు నీళ్లతో తడిపి, నాని కిందికి జారనివ్వండి. రంగు మీద మిగిలిన పసుపు ఛాయను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం ఆర్వో నీళ్లు కలిపి అద్ది తియ్యొచ్చు, లేతదైతే ఎండకే వెలిసిపోతుంది. బంపరుకు కట్టే నిమ్మకాయ దారం క్రోమ్‌కు తగలకుండా చూసుకోండి, రసం కారిన చోట మెరుపు పోతుంది. నంబరు ప్లేటు బోల్టుకు కడితే ఏ ఇబ్బందీ ఉండదు.