పర్లాకిమిడి కోడలయ్యే ముందు పింఛను సంగతి

చి.ల.సౌ. సుజాతకు పెద్దత్త దీవెనలు.

ముహూర్తం కుదిరిందని మీ నాన్న ఫోన్ చేశాడు. బంగారం ఎంత, భోజనాల ఖర్చు ఎవరిది, వంటవాళ్ళు ఎక్కడి నుంచి, అన్నీ చెప్పాడు. నీ దివ్యాంగుల పింఛను మాట ఎత్తలేదు. నేనే అడిగితే "దానికేటుందే అక్కా, పేరు దానిది, ఎక్కడున్నా వస్తాది" అన్నాడు. రాదమ్మా. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. మీ నాన్నకి చదివి వినిపించు.

పాతపట్నంలో నీకు వస్తున్నది ఆంధ్రా ప్రభుత్వం వారి ఎన్టీఆర్ భరోసా పింఛను. 2024లో పెంచాక దివ్యాంగులకు నెలకు 6,000 చేశారు. అది ఆ రాష్ట్రంలో కాపురమున్నవాళ్ళకే. నువ్వు పెళ్ళయి విశాఖపట్నం వెళ్తే సచివాలయంలో బదిలీ పెట్టుకుంటే సరిపోయేది. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, రాష్ట్రం దాటితే బదిలీ అన్నదే లేదు. అక్కడిది వదులుకుని, ఇక్కడ ఒడిశా ప్రభుత్వం వారి మధుబాబు పింఛనుకి మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. దాని కింద 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకి 2025 నుంచి 3,500 ఇస్తున్నారు. 60 శాతం కూడా లేకపోతే 1,000. నీ సర్టిఫికెట్లో ఉన్నది 50 శాతం. ఆటోలో ఇలా ఎక్కి అలా దిగే దూరానికి నెలకు 5,000 పోతుంది. ఏడాదికి 60,000.

ఈ లెక్క అబ్బాయి వాళ్ళకి తెలుసో లేదో ముందు తేల్చుకో. సంబంధం మాట్లాడేటప్పుడు మధ్యవర్తి "పిల్లకి నెలనెలా ఆరు వేలొస్తాయి" అని చెప్పే ఉంటాడు, ఈ కాలంలో అది చెప్పకుండా ఎవరూ ఊరుకోరు. ఆ ఆరు వేలు చూసుకుని వాళ్ళు గ్యాసు, కరెంటు, మామగారి మందులు లెక్కేసుకుని ఉంటే, కాపురానికి వచ్చిన రెండో నెలలోనే మాట తేడా వస్తుంది. పడేది నువ్వు. ముహూర్తం పెట్టేశాక ఇదేం మాటని మీ అమ్మ అంటుంది. అననీ. అబ్బాయినే నేరుగా అడుగు, అతను నెమ్మదస్తుడు. "అక్కడి పింఛను ఆగిపోతుంది, ఇక్కడ వెయ్యే వస్తుంది, మీకు తెలుసా?" అని అడిగితే చాలు. ముఖం ఎలా పెడతాడో చూడు.

పాతపట్నంలోనే అద్దె ఇల్లు తీసుకుని, అబ్బాయి టైలరింగు షాపుకి బండి మీద వెళ్ళొస్తే ఎలా ఉంటుందో ఇద్దరూ ఆలోచించండి. నా ఓటు దానికే. ఇల్లరికం పోయాడని నలుగురూ నవ్వుతారని అతనికి ఉంటుంది, కానీ ఆ నలుగురూ నెలకు ఐదు వేలు ఇవ్వరు కదా. కాకపోతే నిజంగా అక్కడ కాపురం ఉండాలి. పేరు అక్కడ, మంచం ఇక్కడ అంటే కుదరదు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి వేలిముద్రో ముఖమో చూసి ఇస్తారు. ఒకటి రెండు నెలలు నువ్వు లేకపోతే తరవాత బకాయి కలిపి ఇస్తారు, వరసగా మూడు నెలలైతే వలస పోయినట్టు రాసి ఆపేస్తారు. ఒకసారి ఆగాక మళ్ళీ ఎక్కించుకోవడం ఎంత కష్టమో మీ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. రెండు వైపులా తీసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకు, ఆధార్ ఒకటే. కొరాపుట్ వైపు కొటియా పల్లెల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయంటే అది వేరే కథ. ఆ ఊళ్ళు ఎవరివన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది.

అక్కడే ఉన్నా పెళ్ళయ్యాక నీ మ్యాపింగు, అంటే సచివాలయం లెక్కలో నువ్వు ఏ కుటుంబం మనిషివన్నది, మారుతుంది. ఇన్నాళ్ళూ మీ నాన్న కుటుంబాన్ని చూసి ఇచ్చారు, ఇక అతనితో కలిపి చూస్తారు. ఊళ్ళో అయితే కుటుంబ ఆదాయం నెలకు 10,000 లోపు ఉండాలి. కుటుంబంలో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు. కారుంటే పోతుంది, ఆటో, ట్రాక్టరు, టాక్సీ అయితే ఫరవాలేదు. వీటన్నిటికన్నా జనం చిక్కుకునేది కరెంటు మీటరు దగ్గర. నెలకు 300 యూనిట్లు దాటకూడదన్నది నియమం. అద్దె ఇంట్లో కింద కొట్టుకీ పైన రెండు వాటాలకీ ఒకటే మీటరుండి, అది నీ ఆధార్‌కి తగిలించి ఉందనుకో, ముగ్గురి ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ నీ ఖాతాలోనే పడతాయి. ఇల్లు చూసేటప్పుడు నీళ్ళతో పాటు మీటరు కూడా చూడు.

లేదు, ఇక్కడికే వస్తామంటారా, రండి. వెయ్యితోనే అయిపోలేదు. ఆడవాళ్ళకి సుభద్ర పథకం ఉంది, 2024 సెప్టెంబరులో మొదలెట్టారు. 21 నుంచి 60 ఏళ్ళ వాళ్ళకి ఏడాదికి 10,000, రెండు విడతల్లో. వేరే పథకం కింద నెలకు 1,500, అంతకు మించి వస్తుంటే అది ఇవ్వరు. నీకు వచ్చేది వెయ్యే గనక అడ్డు లేదు. దానికి ఇక్కడి రేషన్ కార్డులో పేరుండాలి, లేదా కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటలేదని చూపించాలి. రేషన్ కార్డు పేరు మీ ఇంట్లో తీయించందే ఇక్కడ చేరదు, ఆ పని మాత్రం ముందే మొదలుపెట్టు. బియ్యానికి తొందర లేదు, మీ కార్డు కేంద్రం వారి ఆహార భద్రత కింద ఉన్నదైతే ఏ రాష్ట్రంలోనైనా తీసుకోవచ్చు.

దివ్యాంగులకు దేశమంతా ఒకటే గుర్తింపుగా ఇచ్చే యూడీఐడీ కార్డు భద్రం. 2016 చట్టం ప్రకారం వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. ఇక్కడ ఎవరైనా మళ్ళీ బరంపురం వెళ్ళి డాక్టరుకి చూపించుకురమ్మంటే ఆ మాట చెప్పు. ఆంధ్రాలో వైకల్య పరీక్ష చేసి ఇచ్చిన పాత సదరం కాగితం ఒక్కటే ఉంటే మాత్రం ఇక్కడ తిప్పుతారు, అక్కడుండగానే యూడీఐడీ చేయించుకో.

ఇక పేరు. మనకి ఇంటిపేరు ముందు, వీళ్ళకి వెనక. ఇక్కడ ఫారం నింపే కుర్రాడు నీ ఇంటిపేరు తీసుకెళ్ళి చివర పెడతాడు, ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా అయి డబ్బు పడదు. అతని ఇంటిపేరు తగిలించుకోవాలని సరదాగా ఉంటే పింఛను మంజూరయ్యాక మార్చుకో, ఇప్పుడొద్దు.

పెళ్ళి రిజిస్టరు చేయించండి, ఆ కాగితంతో ఆధార్ అడ్రసు మార్చండి, తహసీల్దారు దగ్గర నివాస, ఆదాయ సర్టిఫికెట్లు తీసుకుని మునిసిపాలిటీలో దరఖాస్తు ఇవ్వండి. మంజూరు వెంటనే రాదు. మధ్యలో చేతిలో పైసా ఉండదు గనక, ఇప్పటి నుంచి నెలకు రెండు వేలైనా పక్కన పడెయ్. అది చీరల్లోకి పోనియ్యకు.

ఏ రాష్ట్రం పింఛనైనా నీ చేతికే రావాలి, ఖాతాలో పడేదైతే ఆ ఖాతా నీ ఒక్కదాని పేరునే ఉండాలి. జాయింటు వద్దు. ఏటీఎం కార్డు నీ పర్సులో ఉండాలి. ఇంట్లోకి ఇస్తే ఇయ్యి, నీ చేత్తో ఇయ్యి. మీ అత్తగారు మంచిదే, నాకు తెలుసు. అయినా సరే.

అబ్బాయి ఏమన్నాడో అడిగి ఆదివారం లోపు ఫోన్ చెయ్. ఇక్కడికే వచ్చేటట్టయితే ఒడియా ఫారాలు నేను తెప్పించి నింపిస్తాను.

మీ పెద్దత్త
పర్లాకిమిడి