చెప్పని అంచనాను టీమ్ ఎలా అందుకుంటుంది?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో పదేళ్లు పనిచేసి, అమ్మానాన్నలకు దగ్గరగా ఉండాలని హనుమకొండకు వచ్చేశాను. మడికొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడాదిగా ఇంజినీరింగ్ మేనేజర్‌గా ఉన్నాను. నా టీమ్‌లో తొమ్మిది మంది. పని నాణ్యంగా ఉండాలన్నదే నా పట్టుదల. వాళ్లు రాసిన కోడ్ నచ్చకపోతే రాత్రి కూర్చొని నేనే తిరగరాస్తాను. ఆరు నెలల్లో ఇద్దరు రాజీనామా చేశారు. పోయిన నెల ఒక అమ్మాయి పొరపాటు వల్ల కస్టమర్ల బిల్లులు తప్పుగా వెళ్లాయి. ఆ సంగతి తెలిసీ ఆమె రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అడిగితే "భయమైంది సార్" అన్నది. మా పాప లెక్క తప్పు చేసినా పెన్సిల్ లాక్కొని నేనే చేసేస్తానని, ఇంట్లోనూ నేను మేనేజర్‌నే అని నా భార్య అంటుంది. మా నాన్న కాజీపేటలో లోకో పైలట్‌గా రిటైరయ్యారు, చాలా ఖచ్చితమైన మనిషి. ఆ పెంపకమే నాది. నేను నా అంచనాలు తగ్గించుకోవాలా?

సమాధానం: మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను. ఇద్దరు ఉద్యోగం మానేసిన సంగతి కంటే, ఆ అమ్మాయి రెండు రోజులు నోరు మెదపకుండా కూర్చున్న సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రెండు రోజులు ఆమెకు తిండి సహించి ఉండదు, కంటికి కునుకు వచ్చి ఉండదు. అయినా అదే ఆఫీసులో ఉన్న మీ దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పలేకపోయింది. పొరపాటు ఆమెదే, కానీ ఆ రెండు రోజుల ఆలస్యంలో మీ వాటా కూడా ఉంది. కఠినంగా అంటున్నానని అనుకోకండి. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

అంచనాలు తగ్గించుకోవద్దు. బిల్లు తప్పితే నష్టపోయేది మీకు ముఖపరిచయం లేని మనిషి, ఆయన తరఫున గట్టిగా నిలబడే మేనేజర్ ఉండటం మంచిదే. అయితే మీరు ఏం ఆశిస్తున్నారో ఆ తొమ్మిది మందికి ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. ఒక కుర్రవాడు మూడు రోజులు కష్టపడి రాసిన కోడ్ సాయంత్రం మీకు పంపి ఇంటికి వెళ్తాడు, తెల్లారి వచ్చి చూస్తే అందులో అతను రాసిన వరుసలు సగం కూడా ఉండవు. పేర్లు సరిగా పెట్టలేదా, కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే టెస్టులు రాయలేదా, డేటా రాకపోతే ఏం జరగాలో ఆలోచించలేదా అన్నది అతనికి తెలిసే దారి లేదు. తన పని పనికిరాదన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. అందుకే వచ్చే వారం మళ్లీ అదే తప్పు చేస్తాడు, మీరు మళ్లీ నిద్ర మానుకుంటారు. కొన్నాళ్లకు "ఎట్లాగూ సార్ మారుస్తారు" అని పని సగంలోనే పంపడం మొదలుపెడతాడు, అప్పుడు వీళ్లకు శ్రద్ధ లేదని మీరు నొచ్చుకుంటారు.

నిన్నటి దాకా మీకు పేరు తెచ్చింది మీ సొంత పనితనం కాబట్టి, దాన్ని పక్కన పెట్టడం కష్టంగానే ఉంటుంది. గూగుల్ సంస్థ 2000ల చివర్లో తమ మేనేజర్లలో మంచివాళ్లు ఏం చేస్తున్నారో పరిశీలించి ఎనిమిది లక్షణాలు గుర్తించింది. వాటిలో మొదటిది దగ్గరుండి నేర్పడం, రెండోది ప్రతి చిన్న పనిలో వేలు పెట్టకుండా టీమ్‌ను నమ్మడం. సాంకేతిక నైపుణ్యం అంత పెద్ద సాంకేతిక సంస్థలో కూడా చివరన నిలిచింది. తిరగరాసే బదులు, ఎక్కడ ఎందుకు మార్చాలో రివ్యూలో, అంటే కోడ్‌ను ఇంకొకరు చదివి సరిచూసేటప్పుడు, రాయండి, లేదా అతని పక్కన కుర్చీ వేసుకొని కూర్చోండి, కీబోర్డు మాత్రం అతని దగ్గరే ఉండాలి. రిలీజ్ తరుముకొస్తున్నప్పుడు మీరే మార్చక తప్పకపోతే, మర్నాడు ఆ మార్పును అతనికి వివరించేదాకా ఆ పని పూర్తి కానట్టే లెక్క.

ఇక భయం సంగతి. హార్వర్డ్‌లో పరిశోధన చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సుల బృందాల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే పొరపాట్ల లెక్క ఎక్కువగా కనిపించింది. ఇదేమిటని ఆరా తీస్తే, అక్కడివాళ్లు తప్పును దాచకుండా చెప్పుకుంటున్నారని, భయపడే బృందాల్లో అవి బయటికే రావడం లేదని అర్థమైంది. ఈ ఏడాదిలో మీరు కనిపెట్టకముందే తమంతట తాము వచ్చి "సార్, ఇది నా వల్ల తప్పింది" అన్నవాళ్లు ఎంతమందో గుర్తు చేసుకోండి.

మీరు నాన్నగారి ఖచ్చితత్వం గురించి రాశారు. ఆయన పనిచేసిన ఇంజిన్‌లో ఒక నియమం ఉండేది. సిగ్నల్ కంటపడగానే లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ అది ఏ రంగులో ఉందో ఒకరికొకరు పైకి చెప్పుకొని తీరాలి. ఒకరికి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నా, పక్కనున్నవాడు నిన్నగాక మొన్న చేరినా అతని గొంతు వినబడాల్సిందే. ఆ చిన్నవాడు "ఎరుపు" అంటే దాన్ని ఎదురు చెప్పడమని ఎవరూ అనుకోరు. ఒక ఆదివారం నాన్నగారి పక్కన కూర్చొని, ఆ క్యాబిన్‌లో ఆ మాటలు ఎలా నడిచేవో అడిగి చెప్పించుకోండి. మీరు తెచ్చుకున్నది ఆయన పద్ధతిలో సగమేనని నాకు అనిపిస్తోంది.

సోమవారం ముందుగా ఆ అమ్మాయితో విడిగా మాట్లాడండి. ఎందుకు దాచావని మళ్లీ అడగవద్దు. "నాకు చెప్పడానికి భయపడేలా నేను ఉన్నాను, అది నా పొరపాటు" అని చెప్పండి, అంతకు మించి ఉపన్యాసం వద్దు. తర్వాత అందరూ కలిసి ఆ బిల్లుల తప్పును మొదటి నుంచి చివరి దాకా రాయండి. ఆ మార్పు ఎప్పుడు వెళ్లింది, టెస్టుల్లో ఎందుకు దొరకలేదు, రివ్యూ చేసినవాళ్ల కంటికి ఎందుకు ఆనలేదు, మొత్తాలు ఒక్కసారిగా మారినా హెచ్చరిక ఎందుకు రాలేదు అన్నవి అందులో ఉండాలి, ఎవరి పేరూ ఉండకూడదు.

మీ అంచనాలను ఒక పేజీలో రాసి అందరి ముందు పెట్టండి. కోడ్ పంపే ముందు ఏమేమి చూసుకోవాలి, ఒక చిక్కు రెండు గంటలైనా విడకపోతే ఎవరిని అడగాలి, రాత్రి సర్వర్ ఆగితే ఫోన్ ఎవరు ఎత్తాలి, సద్దుల బతుకమ్మకు, మేడారం జాతరకు సెలవు కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి వంటివి ఊహకు వదిలేయకండి. మీ నుంచి వాళ్లు ఏం ఆశించవచ్చో కూడా అదే పేజీలో ఉండాలి, అందులో మార్పులు అడిగే హక్కు వాళ్లకు ఉండాలి. వారానికి ఒక్కొక్కరితో అరగంట మాట్లాడితే తొమ్మిది మందికి నాలుగున్నర గంటలు పడుతుంది. తిరగరాయడం మానేస్తే మీకు అంతకంటే ఎక్కువే మిగులుతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఒకరిద్దరు పని అందుకోలేకపోవచ్చు. అప్పుడు లోటు ఏమిటో ఉదాహరణలతో, గడువుతో సహా ముఖాముఖి చెప్పండి. అప్రైజల్ దాకా మనసులో పెట్టుకొని ఒక్కసారిగా దించడం అన్యాయం.

మీ టీమ్‌లో ఎవరూ చెప్పలేకపోయిన మాట మీ భార్య మీ ఎదుటే చెప్పగలిగారు. దానికి మీరు ఏమని బదులిచ్చారో ఉత్తరంలో లేదు. చిరాకు పడి ఉంటే ఆఫీసు సంగతి కంటే ముందు ఈ రాత్రే ఆమెతో మాట్లాడండి. పాప లెక్క తప్పినప్పుడు పెన్సిల్ తనకే వదిలి, ఎక్కడ తప్పిందో తను వెతుక్కునేదాకా పక్కనే కూర్చోండి. తను ఒకసారి కొట్టివేసి మళ్లీ రాసినా, అన్నం చల్లారినా కాసేపు ఓపిక పట్టండి.