ఆ అట్టలు కత్తిరించకు, అమ్మడూ

చి. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. అటక మీది ట్రంకుపెట్టెలో తాతయ్య దాచిన పాత యువ, చందమామ, విజయచిత్ర పత్రికలు బయటపడ్డాయట. మంచి అట్టలూ, నడిమి పేజీల్లో తారల ఫోటోలూ కత్తిరించి హాల్లో ఫ్రేములు కట్టిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ వయసు పిల్లలకి వీటి మీద ఇంత ఇష్టం కలగడం నాకెంత సంతోషమో చెప్పలేను. కత్తెర మాత్రం పక్కన పెట్టెయ్.

వడ్డాది పాపయ్యగారి అట్టబొమ్మ విడిగా చూసినా కళ్లు తిప్పుకోనివ్వదు, నిజమే. కానీ ఆ అట్ట తిప్పి చూడు. వెనక సబ్బు ప్రకటనో తలనూనె ప్రకటనో ఉంటుంది. లోపల సంచిక నెల, వెల, అచ్చయిన ప్రెస్సు పేరు ఉంటాయి. బొమ్మ కోసేస్తే అవన్నీ చిత్తుకాగితాల్లో కలిసిపోతాయి. మన పత్రికల్లో ప్రకటన పరాయిది కాదమ్మా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. ఆ వ్యాపారం నిలదొక్కుకున్నాకే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది, తర్వాత సాహిత్య మాసపత్రిక భారతి వచ్చింది. తలనొప్పి మందు డబ్బుతో తెలుగు సాహిత్యం అచ్చయిన చరిత్ర మనది. అందుకే కథనీ, బొమ్మనీ, ప్రకటననీ విడదీయకుండా సంచిక మొత్తాన్నీ దాచమంటున్నాను.

గోడకి కావాలంటే స్కాన్ చేయించి ప్రింటు పెట్టుకో. 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకి) తగ్గకుండా తీయమను. పాత అచ్చు చుక్కల వల్ల స్కాన్‌లో అలలు అలలుగా గళ్లు కనిపిస్తే డీస్క్రీన్ అనే సెట్టింగ్ వాడమను. ఎండ, దుమ్ము ఆ ప్రింటు మీద పడనీ, అసలుది పెట్టెలో భద్రంగా ఉంటుంది.

దాచడం గురించి కొంచెం ఓపిగ్గా చదువు. లోపలి పేజీలు న్యూస్‌ప్రింటు. కలపగుజ్జులో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వల్ల కాగితం వెలుతురుకీ గాలికీ పసుపెక్కి, తర్వాత గోధుమరంగు తిరిగి, చివరికి అప్పడంలా విరుగుతుంది. ముందు కుట్టు దగ్గర పిన్నులు చూడు. తుప్పు పట్టి ఉంటే కాగితాన్ని తినేస్తాయి. లాగకు. సంచిక మధ్యకి తెరిచి, పిన్ను కాళ్లు రెండూ పల్చటి రేకుతో నెమ్మదిగా నిటారుగా చేసి, వెనక నుంచి తీసెయ్. బదులుగా తెల్ల నూలుదారంతో వదులుగా కుట్టు. చిరుగులకి సెల్లోటేపు వేశావో, కొన్నేళ్లకి దాని జిగురు మరకే మిగులుతుంది. ఇక లామినేషన్ జోలికి అసలు పోవద్దు! వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ని మళ్లీ ఊడదీయలేం. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాటిలో పెట్టి పడుకోబెట్టు, నిలబెట్టకు. వానాకాలంలో పెట్టె నేలకి ఆనకుండా చూడు, నెలకోసారి తెరిచి చూస్తే కాగితం తినే వెండిపురుగులు పట్టాయేమో ముందే తెలుస్తుంది.

ఇంకా కొనాలనిపిస్తే ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్లు, విజయవాడలో అయితే లెనిన్ సెంటర్‌కి. భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకో. రవివర్మ ప్రెస్ అచ్చు అని ఎవరైనా పాత లక్ష్మీదేవి పటం చూపిస్తే అద్దం కింద చూడు. ఆ ప్రెస్సువి రాతి పలక మీంచి తీసిన అచ్చులు (లితోగ్రాఫులు). రాతి అచ్చులో రంగుల గింజలు ఒక వరస లేకుండా ఉంటాయి. వరసలు తీరిన చుక్కల గూళ్లు కనిపిస్తే అది తర్వాతి ఆఫ్‌సెట్ ముద్రణ. సహజంగా పాతబడ్డ పుస్తకం అంచుల్లో ముదురుగా, లోపలికి పోయేకొద్దీ లేతగా ఉంటుంది. పేజీ అంతా ఒకే గోధుమరంగులో ఉంటే అనుమానించు. సినిమా పాటల పుస్తకాలు కనబడితే వదలకు. కథ సగం చెప్పి "మిగతా వెండితెరపై చూడండి" అని ఊరించే ఆ చిన్న పుస్తకాలు చదివి పారేసేవాళ్లే ఎక్కువ.

తారల ఫోటోలు దాచడానికి మొహమాటపడకు. 1941లో హిందీ సినిమా నటి లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించినప్పటి నుంచీ మన ఆడవాళ్లు ఆ బొమ్మల్లో ముడి ఎలా వేశారో, జాకెట్టు చేతులు ఎంత పొడుగో చూసి కుట్టించుకున్నారు. హాస్టల్ కుర్రాళ్లు, సెలూన్ వాళ్లు గోడలకి అంటించింది కూడా ఇవే బొమ్మలు. అందుకని ప్రతి ఫోటోకీ చిన్న చీటీ రాసి పెట్టు: నటి పేరు, సినిమా, సంచిక తేదీ. చాలాచోట్ల ఫోటో తీసినవాళ్ల పేరే ఉండదు, అది నాకు ఎప్పుడూ బాధే. ఉన్నచోట తప్పకుండా రాయి. కాగితం మీద నేరుగా కాదు, చీటీ మీద, పెన్సిల్‌తో. పేరు తట్టని నటి ఎవరో మీ అమ్మనీ, మీ నాన్నమ్మనీ ఇప్పుడే అడుగు. మీ నాన్నమ్మకి డాన్సర్ల పేర్లు కూడా గుర్తే.

ఇంకొక్క మాట. టీషర్టుల మీద వేసి అమ్ముతానన్నావట. బొమ్మ గీసినవారు పోయాక కూడా 60 ఏళ్లు హక్కులుంటాయి. పాపయ్యగారు 1992లో పోయారు, అంటే 2052 దాకా హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. ముందు ఆ హక్కులు పత్రికవా, కుటుంబానివా అన్నది కనుక్కో. మన వైపు తెలిసిన వకీలుతో నేను మాట్లాడతాను. ఈలోగా పెట్టెలో ఏ ఏ సంచికలున్నాయో జాబితా రాసి పంపు.

ఇట్లు,
మీ మావయ్య