శరీర వ్యవస్థలను ఏ వరుసలో చదవాలి? రక్తప్రసరణతో మొదలుపెట్టండి

పదో తరగతి ముగించి బైపీసీలో చేరిన మీరు, శరీర వ్యవస్థలన్నీ బట్టీ పట్టినా పరీక్ష నాటికి కలగాపులగమవుతున్నాయని, వాటిని ఏ వరుసలో చదవాలని అడిగారు. కోనసీమలో చాలాకాలంగా ఇంటర్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయం ముందున్నా సరే, రక్తప్రసరణతో మొదలుపెట్టండి. జీర్ణమైన ఆహారం, ఊపిరితిత్తుల్లో చేరిన ఆక్సిజన్, గ్రంథులు స్రవించే హార్మోన్లు, మూత్రపిండాలు వడగట్టే యూరియా, అన్నీ రక్తంలోనే ప్రయాణిస్తాయి గనుక, ఆ దారి తెలిస్తే మిగిలిన వ్యవస్థలు దానితో ఎక్కడ కలుస్తాయో మీకే బోధపడుతుంది.

ఈ పాఠానికి నేను ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలనే ఉదాహరణగా తీసుకుంటాను. పంట కాలువ నీరు చేలోకి పారి, కొంత ఇంకి, మిగిలినది మురుగు కాలువల గుండా సముద్రంలో కలుస్తుంది. తిరిగి ఆనకట్టకు రాదు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ కాలం నుంచి ఐరోపా వైద్యులు రక్తం గురించి దాదాపు ఇలాగే భావించారు: అది కాలేయంలో తయారై, అవయవాలకు చేరి, అక్కడే ఖర్చయిపోతుందని. ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రచురించిన గ్రంథంలో ఈ నమ్మకాన్ని లెక్క కట్టి మరీ పడగొట్టాడు. ఆ లెక్కను ఇప్పటి అంకెలతో మీరే వేసి చూడండి. గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని పంపుతుంది. నిమిషానికి 72 స్పందనలంటే దాదాపు 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు. పెద్దవారి ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 5 లీటర్లే. గంటకు 300 లీటర్ల కొత్త రక్తానికి సరిపడా తిండి ఎవరూ తినలేరు కాబట్టి, ఉన్న రక్తమే తిరిగి తిరిగి వస్తోందని ఒప్పుకోక తప్పదు.

హార్వే చూపిన మరో ప్రయోగానికి పరికరాలేవీ అక్కర్లేదు. చేతి సిరలు (రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే నాళాలు) ఉబ్బి కనిపించేవారు ఒకరుంటే చాలు. మా తరగతిలో సెలవుల్లో చేలో పనిచేసి వచ్చిన పిల్లలే ఇందుకు ముందుకొచ్చేవారు. మోచేతికి పైన తువ్వాలును కొద్దిగా బిగించి కడితే ముంజేతి సిరలు తేలతాయి; వాటిమీద అక్కడక్కడ కనిపించే చిన్న ఉబ్బుల దగ్గరే రక్తాన్ని ఒకే దిశలో పోనిచ్చే కవాటాలుంటాయి. మణికట్టు వైపు సిరను ఒక వేలితో నొక్కిపట్టి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు ఒక కవాటం దాటేదాకా తోసి, ఆ రెండో వేలు తీసేయండి. పైకి వెళ్లిన రక్తం కవాటం మూసుకోవడం వల్ల కిందికి దిగదు, సిర ఖాళీగానే ఉంటుంది. మొదటి వేలు తీయగానే కిందినుంచి నిండుతుంది. చూడటం అయిపోగానే తువ్వాలు విప్పేయాలి.

తరువాత మాంసం కొట్టులో మేక గుండెకాయను అడిగి తెచ్చుకుని, ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలో కోయండి. ముక్కలు చేయకుండా ఇమ్మని ముందే చెప్పాలి, లేకపోతే అలవాటుకొద్దీ కొట్టేసి ఇస్తారు. ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ కుడిదానికంటే ఎంత మందమో వేళ్ల మధ్య పట్టుకుంటేనే తెలుస్తుంది. కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది ఒళ్లంతటికీ పంపాలి. కవాటపు రేకులను పట్టి ఉంచే తెల్లని సన్నని తంతువులను మెల్లగా లాగి చూడండి. జఠరిక ముడుచుకున్నప్పుడు ఆ రేకులు కర్ణికలోకి, అంటే గుండె పై గదిలోకి, తిరగబడకుండా ఆపేవి అవే.

కుడి కర్ణిక నుంచి మహాధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) దాకా పుస్తకం మూసి బొమ్మ గీయగలిగాక శ్వాస, జీర్ణ, విసర్జక వ్యవస్థలకు వెళ్లండి. ఎముకలను మీ ఒంటిమీదే తడిమి పోల్చుకోవచ్చు. కండరాల అధ్యాయాన్ని మాత్రం శ్వాసక్రియ తరువాతే చదవండి, ఎందుకంటే ఆక్సిజన్, గ్లూకోజ్ కలిసి ఇచ్చే శక్తి అక్కడే పనికొస్తుంది. ఆ శక్తి కథలో కీలకమైన, కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్‌తో కలిసి వెల్లడించిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారే. నాడీ వ్యవస్థకు తొందరపడకుండా, దానికి విడిగా సమయం కేటాయించుకోండి.